కార్తీక మాసంలో కోరింగ మడ అడవికి: నలభై మందితోనా, నలుగురితోనా?

గౌతమి గట్టు (అమలాపురం)
6 నవంబర్ 2021, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒక విషయం తేల్చుకోలేకపోతున్నాను. తెలిసినవాళ్ళు చెబుతారని ఇక్కడ అడుగుతున్నాను.

నేను పనిచేసే పాఠశాల సిబ్బంది అంతా కుటుంబాలతో కలిసి 14వ తేదీ ఆదివారం కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యంలో వనసమారాధన పెట్టుకుందామంటున్నారు. మొత్తం 42 మంది. ఏసీ బస్సు మాట్లాడేశారు. వంటవాళ్ళను కూడా తీసుకువెళ్ళి అక్కడే వండించాలని ఆలోచన. పెద్దవాళ్ళందరికీ రెండు డోసులూ పడ్డాయి. మా మామయ్య గారికి 74 ఏళ్ళు, షుగరు ఉంది. ఆయన రెండో డోసు జూన్‌లో అయింది. మా పిల్లలకు పన్నెండు, ఎనిమిది. ఆ వయసు వాళ్ళకు టీకా ఇంకా రాలేదు.

ఏసీ బస్సు అనగానే నాకు గుండెల్లో రాయి పడింది. అలాగని వద్దనడానికీ నోరు రావడం లేదు. నిరుడు మార్చి నుంచి మామయ్య గారు వీధి అరుగు దిగింది టీకా వేయించుకోవడానికే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నీటిపారుదల శాఖలో కాలువ గట్ల మీద తిరిగిన మనిషి. మొన్న పొద్దున్న పెరట్లో కాఫీ తాగుతూ, "ఉల్లంకి పిట్టలు దిగే రోజులు వచ్చేశాయి. ఈ ఏడు కూడా చూడలేనేమో అమ్మాయీ" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

వెళ్ళవచ్చా? వెళితే ఎలా వెళ్ళాలి?

మడపొన్న (కాకినాడ)
6 నవంబర్ 2021, రాత్రి 9:55

అక్కా, తప్పకుండా వెళ్ళండి. ఆ బస్సులో మాత్రం వద్దు, ఆదివారం అసలే వద్దు.

పన్నెండేళ్ళుగా చలికాలంలో ప్రతి నెలా ఒకసారైనా ఆ అడవికి వెళుతున్నాను. చొల్లంగి దగ్గర ద్వారం దాటాక మడచెట్ల మధ్యగా చెక్కల దారి ఉంటుంది. అది ఎంత ఇరుకో మీకు గుర్తుందా? ఎదురుగా ఇద్దరు వస్తే భుజం పక్కకు తిప్పి దారి ఇవ్వాలి. ఇటు అటు దిగడానికి లేదు, కింద బురద, అందులో మేకుల్లా నిలబడ్డ శ్వాసవేర్లు. మామూలు రోజు పొద్దున్న ఏడింటికి అక్కడ మీరు, పీతలు, లకుముకి పిట్టలు. కార్తీక ఆదివారం పదకొండింటికి అదే దారిలో ఫోటోల కోసం ఆగినవాళ్ళు, వెనక నుంచి తోసేవాళ్ళు, పరిగెత్తే పిల్లలు. అడవిలో గాలికి కొదవ లేదు. మనమే వెళ్ళి ఒకరి మొహం మీద ఒకరం ఊపిరి వదులుకుంటాం.

ఇంకో సంగతి. చాలామంది కోరింగను జాతీయ ఉద్యానవనం అనుకుంటారు. కాదు. 1978లో ప్రకటించిన వన్యప్రాణి అభయారణ్యం, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. గోదావరి మీద జాతీయ ఉద్యానవనం అంటే పాపికొండలే, దానికి 2008లో ఆ హోదా వచ్చింది. పేరు ఏదైనా రెండుచోట్లా లోపల ఉన్నవాటి ఇంటికి మనం అతిథులుగా వెళుతున్నాం. బావురుపిల్లి, నీటికుక్క తిరిగే చోట 42 మందికి గాడిపొయ్యి తవ్వుతామంటే నాకు మింగుడు పడడం లేదు.

శ్రీను (భీమవరం)
6 నవంబర్ 2021, రాత్రి 10:30

నాది వేరే మాట. ఎవరినీ నొప్పించాలని కాదు.

దేశంలో 100 కోట్ల డోసులు అక్టోబర్ 21కే పూర్తయ్యాయి. కేసులు బాగా తగ్గాయి. మా ఆవిడకు రెండేళ్ళుగా పుట్టింటి వాళ్ళతో కలిసి ఒక్క పూట భోజనం లేదు. మా అబ్బాయి మూడో తరగతి మొత్తం ఫోనులో చదివాడు. మనిషికి తిండీ టీకా ఎంత అవసరమో నలుగురితో కలవడం కూడా అంతే అవసరం. మా కాలనీ నుంచి కూడా కోరింగకే 35 మందిమి బయలుదేరుతున్నాం, 21న. పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి, సినిమా హాళ్ళు తెరిచారు. ఆరుబయట, పచ్చటి అడవిలో కూర్చుని తినడమే ప్రమాదమంటే ఇక ఎక్కడికి వెళ్ళాలి?

లంక రైతు (పి.గన్నవరం దగ్గర)
7 నవంబర్ 2021, ఉదయం 6:15

శ్రీను గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది. నా సంగతి చెబుతాను.

ఈ ఏప్రిల్‌లో మా అన్నయ్య, వదిన, వాళ్ళ వియ్యాలవారు కలిసి 14 మంది ఒక వ్యానులో గుడికి వెళ్ళి వచ్చారు. ఎండ ఎక్కువగా ఉందని అద్దాలు బిగించి ఏసీ వేసుకున్నారు. గుడి దగ్గర అందరూ మాస్కు పెట్టుకునే ఉన్నారు. వ్యానులో తీసేశారు, మనవాళ్ళమే కదా అని. వారం తిరిగేసరికి తొమ్మిది మందికి జ్వరం. అన్నయ్యకు ఆక్సిజన్ పడక కోసం రాత్రంతా తిరిగాం. దొరికేసరికి తెల్లవారింది. ఆరో రోజు పోయాడు. 51 ఏళ్ళు. మూటకట్టి ఇచ్చారు, మొహం చూడనివ్వలేదు.

రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ కేసులు మన తూర్పు గోదావరి జిల్లాకే వచ్చాయి. వచ్చింది చెట్టు కింద కూర్చున్నందుకు కాదు. వ్యాన్లలో, పెళ్ళి పందిళ్ళలో, పరామర్శల్లో వచ్చింది.

వెళ్ళొద్దని నేను అనను. అన్నయ్య ఉంటే ఈ పాటికి పాపికొండలో, కోరింగో అని ఇల్లు ఎగరగొట్టేవాడు. అద్దాలు మాత్రం దించుకోండి.

పల్లె వైద్యురాలు (ముమ్మిడివరం ప్రాంతం)
7 నవంబర్ 2021, మధ్యాహ్నం 1:20

తమ్ముడు లంక రైతు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మేలో నేను పనిచేసే చోట రోజూ చూసిన కథే ఇది.

దారి గురించే ముందు చెబుతాను. దేవుడి గదిలో ఒక అగరువత్తి వెలిగించి తలుపు మూయండి. పావుగంటలో వాసన మూలమూలకూ చేరుతుంది. అదే వత్తిని గోదావరి గట్టున వెలిగిస్తే రెండు బారల దూరంలో ఉన్నవాడికి తెలియదు. వైరస్ ఉన్న మనిషి ఊపిరి కూడా దాదాపు అలాగే పాకుతుంది. దగ్గు, తుమ్ము అక్కరలేదు, మాట్లాడితే చాలు. పాట పాడినా, అరిచి మాట్లాడినా ఇంకా ఎక్కువ. ఏసీ బస్సులో అమలాపురం నుంచి చొల్లంగి దాకా గంటకు పైగా, మళ్ళీ తిరుగు ప్రయాణం అంతే, అందులో అంత్యాక్షరి. మీ యాత్రలో అసలు ప్రమాదం అదే. అడవిలో గడిపే మూడు గంటలు దాని ముందు చాలా చిన్నవి.

రెండు డోసులు పడితే జబ్బు ముదరకుండా, ఆసుపత్రి పాలు కాకుండా బాగా కాపాడతాయి. అయినా సోకదనీ, మన నుంచి ఇంకొకరికి పోదనీ హామీ లేదు. గౌతమి గట్టు గారూ, మీ మామయ్య గారికి వయసు ఉంది, షుగరు ఉంది, డోసు పడి అయిదు నెలలు. టీకా బలం కాలం గడిచేకొద్దీ కొంత తగ్గుతుంది. పిల్లలకు అసలే లేదు. కాబట్టి మీ ఇంటి లెక్క మిగతావాళ్ళ లెక్క కాదు. దీన్ని వాళ్ళకు మొహమాటం లేకుండా చెప్పండి. మొహమాటానికి పోయి మంచం పట్టినవాళ్ళను ఎంతోమందిని చూశాను.

మాస్కు సంగతి. మడ అడవిలో ఉక్క ఎక్కువ, పడవలో తుంపర పడుతుంది. తడిసిన మాస్కు పనికిరాదు, ఊపిరి ఆడక మనమే కిందికి లాగేస్తాం. తలకు రెండు చొప్పున అదనంగా కాగితం కవర్లో పెట్టుకోండి. వీలైతే ఎన్95, ముక్కు మీద తీగ బాగా నొక్కి. చెక్కల దారిలో మీరు తప్ప ఎవరూ లేకపోతే తీసేసి హాయిగా గాలి పీల్చుకోండి, ఎవరైనా వస్తుంటే పెట్టుకోండి. టికెట్టు గది దగ్గర, పడవ కోసం వేచి ఉండే చోట, మరుగుదొడ్ల దగ్గర మాత్రం తీయవద్దు.

ముందు రోజు ఎవరికైనా గొంతు గరగర, ఒళ్ళు నొప్పులు, వాసన తెలియకపోవడం ఉంటే ప్రయాణం ఆపేయండి. "చిన్న జలుబే" అనే మాటకు ఈ రెండేళ్ళలో చాలా మూల్యం చెల్లించాం.

సరంగు ఇంటి అబ్బాయి (చొల్లంగి వైపు)
7 నవంబర్ 2021, రాత్రి 9:05

మా నాన్న ఆ పాయల్లో పడవ నడుపుతారు. నేను డిగ్రీ చదువుతున్నాను, సెలవుల్లో నాన్నకు తోడు వెళతాను. అందరూ వచ్చేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. అక్కడ ఉండే మా గురించి కూడా రెండు మాటలు.

తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అప్పుడు సముద్రం మీదికి పోకూడదు, సందర్శకుల పడవలే ఇంటికి ఆధారం. 2020 ఏప్రిల్‌లో జాతీయ ఉద్యానవనాలు, అభయారణ్యాలకు జనాన్ని రానివ్వవద్దని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. మళ్ళీ ఈ ఏడాది ఏప్రిల్ 30న మూసేయమని చెప్పింది. రెండేళ్ళూ సరిగ్గా ఆ రోజుల్లోనే మాకు ఇటు వేటా లేదు, అటు పడవా లేదు. కాబట్టి మీరు రావాలి. మీరు రాకపోతే మాకు పూట గడవదు.

వచ్చినప్పుడు ఒక్కటి గమనించండి. ఇంజను చప్పుడుకు పడవలో అందరూ గొంతు పెంచి మాట్లాడతారు. మాస్కు కిందికి లాగి, నాన్న చెవి దగ్గరికి వచ్చి "ఆ పిట్ట పేరేమిటి?" అని అడుగుతారు. రోజుకు అలా ఎంతమందో. నాన్నకు 58 ఏళ్ళు. మే నెలలో ఆయనకు జ్వరం వచ్చినప్పుడు అమ్మ పడవ తెడ్డు పట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది, లోపలికి ఎవరినీ రానివ్వలేదు. తగ్గింది, దేవుడి దయ. పిట్ట పేరు చేత్తో చూపించి అడిగినా చెబుతారు, ఇంజను ఆపాక తీరిగ్గా ఇంకా బాగా చెబుతారు.

మీ ఇంటివరకే ఒక పడవ మాట్లాడుకోండి. ఖర్చు కొంచెం ఎక్కువే, కానీ తెలియనివాళ్ళ పక్కన కూర్చోనక్కరలేదు.

కపిలేశ్వరపురం వనజ
8 నవంబర్ 2021, ఉదయం 10:40

ఒక సందేహం. పడవలో ఇచ్చే లైఫ్ జాకెట్లు అంతకుముందు ఎవరెవరో వేసుకున్నవి కదా. చెమటతో తడిగా ఉంటాయి. కోవిడ్ రోజుల్లో వేసుకోకపోతేనే మంచిదని మా చెల్లెలు అంటోంది. నిజమేనా?

సరంగు ఇంటి అబ్బాయి
8 నవంబర్ 2021, ఉదయం 11:02

అక్కా, ఆ మాట మాత్రం వద్దు. జాకెట్టు లేకుండా పడవ ఎక్కవద్దు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో ఏం జరిగిందో మనందరికీ తెలుసు. పాపికొండలకు వెళ్ళే పడవ మునిగి ఎన్ని ఇళ్ళు ఆరిపోయాయో తెలుసు. దొంతిలో ఎండ తగిలి పొడిగా ఉన్నది అడిగి తీసుకోండి. పట్టీలు అన్నీ బిగించండి, ఊరికే భుజాన తగిలించుకోవడం కాదు.

పల్లె వైద్యురాలు
8 నవంబర్ 2021, మధ్యాహ్నం 2:15

అబ్బాయి చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరి. వస్తువులను తాకడం వల్ల ఈ జబ్బు రావడం చాలా అరుదు. నీళ్ళలో మునగడం మాత్రం నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. జాకెట్టు వేసుకుని, దిగాక చేతులు కడుక్కుంటే సరిపోతుంది.

మడపొన్న (కాకినాడ)
8 నవంబర్ 2021, సాయంత్రం 6:30

చేతుల మాట వచ్చింది కనుక ఒక స్థానిక విషయం. చెక్కల దారి పక్కన తిల్ల చెట్లు ఉంటాయి. ఆకు తుంపితే తెల్లటి పాలు కారతాయి. అవి కంట్లో పడితే చూపుకే ముప్పు, అందుకే మన జాలర్లు ఆ చెట్టును నరకడానికి కూడా జంకుతారు. ఇప్పుడు అందరం మాస్కు సర్దుకోవడానికి మాటిమాటికీ మొహం మీద చెయ్యి వేస్తాం. పిల్లలకు ముందే చెప్పండి: ఆకులు, కొమ్మలు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే సబ్బు నీళ్ళతో కడగకుండా కళ్ళ దగ్గరికి చెయ్యి పోకూడదు. శానిటైజర్ రాసుకుంటే ఆ జిగురు పోదు. ఒక సీసాలో నీళ్ళు, సబ్బు ముక్క పట్టుకెళ్ళండి.

రాజోలు మాస్టారు
8 నవంబర్ 2021, రాత్రి 8:00

అమ్మాయీ, నేను పదవీ విరమణ చేసి పద్నాలుగేళ్ళయింది. సంప్రదాయం వైపు నుంచి ఒక మాట చెబుతాను, మీ సహోద్యోగులకు చూపించు.

కార్తీకంలో వనభోజనం అంటే ఉసిరి చెట్టు ఉన్న వనంలో, ఆ చెట్టుకు పూజ చేసి, దాని నీడన తినడం. ఉప్పునీటి బురదలో ఉసిరి బతకదు. మడ అడవిలో మడ, పొన్న, తిల్ల, అంతే. అక్కడికి వెళ్ళి పులిహోర తిన్నంతమాత్రాన అది వనసమారాధన కాదు. మన కోనసీమలో ఊరికో మామిడితోట ఉంది, మూల ఒక ఉసిరి ఉంటుంది. అక్కడ చాపలు దూరం దూరంగా, ఇంటికొక చాపగా వేసుకుని తినండి. వడ్డన మాత్రం ఇద్దరే చేయాలి, మూతికి గుడ్డ కట్టుకుని. అదే అసలైన పద్ధతి.

చట్టం కూడా చెబుతాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి ముప్పు వచ్చేలా నిప్పు రాజేయడం నేరం. గాడిపొయ్యి మాట మరిచిపోండి.

ఇక నా సొంత బాధ ఒకటి ఉంది. మొన్న శనివారంతో పాతికేళ్ళు నిండాయి. 1996 నవంబర్ 6 రాత్రి మన సీమ మీద పడిన తుపాను తెల్లారేసరికి కొబ్బరి తోటలన్నీ ఒకే వైపు తల వాల్చి పడుకున్నాయి. మా పాఠశాలలో నా తరగతి పిల్లలు ముగ్గురు తిరిగి బడికి రాలేదు. మడచెట్లు దట్టంగా ఉన్న చోట సముద్రపు ఉప్పెన జోరు తగ్గుతుంది. ఆ వేళ్ళు నీటిని ముక్కలు ముక్కలుగా విరుస్తాయి. అందుకే ఆ అడవిలో ఒక ప్లాస్టిక్ విస్తరి చూసినా నాకు ఒళ్ళు మండుతుంది.

శ్రీను (భీమవరం)
8 నవంబర్ 2021, రాత్రి 9:40

మాస్టారూ, ఉసిరి చెట్టు సంగతి నిజంగా తట్టలేదు. లంక రైతు గారూ, మీ అన్నగారి గురించి చదివాక నిన్న రాత్రి మా ఆవిడకు చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

భోజనాలు ఊళ్ళో తోటకు మారుస్తాం. ఈ మాట మా వాళ్ళతో రేపు అంటాను, కొందరు గొణుగుతారు, ఫరవాలేదు. కానీ పిల్లలు అడవి చూస్తామని ఎదురుచూస్తున్నారు. 35 మంది ఒకేసారి కాక వేరువేరు రోజుల్లో, ఇంటికో బండిలో వెళితే మీకు సమ్మతమేనా? కార్లు లేనివాళ్ళు ఆరు కుటుంబాలు ఉన్నారు. వాళ్ళను వదిలి వెళ్ళడం నాకు ఇష్టం లేదు.

పల్లె వైద్యురాలు
8 నవంబర్ 2021, రాత్రి 10:20

చాలా సంతోషం శ్రీను గారూ. కారు లేకపోతే ఆర్టీసీ బస్సు ఎక్కండి. కిటికీలు తెరిచి ఉండే పల్లెవెలుగు బస్సు, తలుపులు బిగించిన ఏసీ వ్యాను కంటే ఎంతో మేలు. కిక్కిరిసి ఉంటే ఎక్కకుండా తరువాతది చూసుకోండి. ఆటో కూడా రెండు వైపులా గాలి ఆడుతుంది కాబట్టి మంచిదే, ఒక ఇంటివాళ్ళే ఎక్కితే. తొమ్మిది మందిని కుక్కితే లాభం లేదు.

కొల్లేటి గట్టు (కైకలూరు)
9 నవంబర్ 2021, ఉదయం 7:10

భీమవరం వాళ్ళు అంత దూరం పోవడం ఎందుకు? మా ఆటపాక దగ్గరికి రండి. కొల్లేరు అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల, అంటే అంతర్జాతీయ గుర్తింపు ఉన్నది. గూడబాతులు చెట్ల నిండా గూళ్ళు కడుతున్నాయి. గట్టు మీద నిలబడే చూడవచ్చు, పడవ ఎక్కనక్కరలేదు. పొద్దున్నే రండి.

మడపొన్న (కాకినాడ)
9 నవంబర్ 2021, రాత్రి 9:15

ఇంతవరకు మనుషుల క్షేమం మాట్లాడుకున్నాం. నేను ఈ వేదికలో రాయడానికి అసలు కారణం ఇంకొకటి.

2020 ఏప్రిల్‌లో న్యూయార్క్ బ్రాంక్స్ జంతు ప్రదర్శనశాలలో ఒక పులికి కోవిడ్ తేలింది. మనుషుల నుంచే వచ్చింది. దేశంలో అడవులు మూయమని కేంద్రం చెప్పింది ఆ వెంటనే. ఈ ఏడాది మే నెలలో మన హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో ఎనిమిది ఆసియా సింహాలకు సోకినట్టు అక్కడి పరిశోధన సంస్థ సీసీఎంబీ పరీక్షల్లో తేలింది. అవి కోలుకున్నాయి. ఏప్రిల్‌లో అమెరికాలోని అట్లాంటాలో నీటికుక్కలకు వచ్చింది. ఆ మూడో సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. పులి, సింహం కోరింగలో లేవు. నీటికుక్కలు ఉన్నాయి. పిల్లి జాతికి చెందిన బావురుపిల్లి ఉంది. బోనులో ఉన్న జంతువుకు వైద్యుడు ఉంటాడు. మడల్లో దగ్గే బావురుపిల్లిని ఎవరు చూస్తారు?

ఆరుబయట దూరం నుంచి చూసినంతమాత్రాన వాటికి అంటుతుందని నేను అనడం లేదు. మనం తిని పారేసినవి, తుడిచి పారేసినవి వాటి నోటికి చేరతాయి. పోయిన జనవరిలో నా కళ్ళతో చూశాను. చెక్కల దారి కింద ఒక గుడ్డికొంగ బురదలో ఒంటికాలి మీద నిలబడి ఉంది. మామూలుగా నిలబడిందనుకున్నాను. బైనాక్యులర్ పెట్టి చూస్తే రెండో కాలు కడుపు కిందికి మడిచి, దానికి నీలం రంగు సర్జికల్ మాస్కు చెవి దారం రెండు చుట్లు తిరిగి ఉంది. మాస్కు ఒక శ్వాసవేరుకు తగులుకుంది. కొంగ ఎగరబోతుంది, దారం సాగుతుంది, మళ్ళీ బురదలో పడుతుంది. అటవీ సిబ్బందిలో ఒకాయన చెప్పులు విడిచి మోకాళ్ళ లోతు బురదలోకి దిగాడు. వేళ్ళు గుచ్చుకుంటున్నా ఆగలేదు. తువ్వాలు కప్పి పట్టుకుని, ఇంటి తాళాల గుత్తికి ఉన్న చిన్న కత్తితో దారం కోశాడు. కాలి చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. వదలగానే తెల్లటి రెక్కలు విప్పుకుని పాయ దాటి వెళ్ళిపోయింది. ఆయన బురద కాళ్ళతో పైకి వచ్చి ఆ మాస్కును జేబులో పెట్టుకున్నాడు, ఒక్క మాట అనలేదు.

కాబట్టి వాడిన మాస్కుల దారాలు తెంపి, జిప్పు సంచిలో వేసి ఇంటికే తీసుకురండి. అక్కడి చెత్తబుట్టలో కూడా వేయవద్దు, కోతులు తోడేస్తాయి. తిండి లోపలికి తీసుకువెళ్ళవద్దు, నీళ్ళు చాలు.

నిర్వాహకురాలు
10 నవంబర్ 2021, ఉదయం 9:00

కషాయం తాగితే పరీక్షలు, మాస్కులు అక్కరలేదని వచ్చిన రెండు సందేశాలు తొలగించాను. కషాయం తాగండి, కాదనడం లేదు. దాన్ని నమ్ముకుని మిగతావి మానేయమని ఇక్కడ రాయవద్దు.

గౌతమి గట్టు (అమలాపురం)
10 నవంబర్ 2021, రాత్రి 8:50

మా సిబ్బంది గదిలో ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. కొంచెం వాదన జరిగింది. బస్సుకు ఇచ్చిన బయానా పోతుందని ఒకరు బాధపడ్డారు. చివరికి సమారాధన ముమ్మిడివరం దగ్గర ఒక తోటలో, ఉసిరి చెట్టు ఉంది, అక్కడ పెట్టుకుంటున్నారు. అడవికి ఎవరికి వారే. మేం 24వ తేదీ బుధవారం వెళదామనుకుంటున్నాం, నేను సెలవు పెడుతున్నాను. పాయల్లో నీళ్ళు ఎప్పుడు ఉంటాయో ఎవరైనా చెప్పగలరా?

సరంగు ఇంటి అబ్బాయి
10 నవంబర్ 2021, రాత్రి 9:30

పోటు రోజూ ముప్పావు గంటకు పైగా ఆలస్యంగా వస్తుంది అక్కా. 24న పొద్దున్న పాటు మీద ఉంటుంది, అంటే నీళ్ళు తీసి ఉంటాయి, బురద తేలి పిట్టలు దిగుతాయి. ఎండ ఎక్కేకొద్దీ నీళ్ళు వస్తాయి, అప్పుడు చిన్న పాయల్లోకి పడవ పోతుంది. ముందు పిట్టలు, తరువాత పడవ. తాతగారికి కూర్చోవడానికి మడత కుర్చీ ఒకటి తెచ్చుకోండి, పడవలో బల్ల ఎత్తు తక్కువ.

గౌతమి గట్టు (అమలాపురం)
25 నవంబర్ 2021, రాత్రి 7:45

నిన్న వెళ్ళి వచ్చాం. రాయకుండా ఉండలేకపోతున్నాను.

చీకటి ఉండగానే బయలుదేరాం. అద్దాలు దించే ఉంచాం. ఎదుర్లంక వంతెన మీద చలి గాలికి పిల్లలు దుప్పటి కప్పుకున్నారు, మామయ్య గారు మాత్రం మొహం బయటికి పెట్టి కూర్చున్నారు. యానాం, తాళ్ళరేవు దాటి ఏడు కాకముందే ద్వారం దగ్గర ఉన్నాం. టికెట్టు దగ్గర మా ముందు ముగ్గురే. చెక్కల దారిలో దాదాపు అరగంట మేం తప్ప ఎవరూ లేరు. అక్కడ ఆయన మాస్కు తీసి, మడిచి జేబులో పెట్టుకుని, ఊపిరి పీల్చి, "బురద వాసన. అబ్బా, ఎన్నాళ్ళయింది" అన్నారు. చిన్నవాడు ఒక డెక్క పెద్దగా ఉన్న ఎర్ర పీతలను లెక్కపెడుతూ నూట పది దగ్గర తప్పిపోయి మళ్ళీ మొదలుపెట్టాడు. బురదలో ఎగిరే చేపను చూసి ఇది కప్పా చేపా అని అక్కాతమ్ముళ్ళు పోట్లాడుకున్నారు.

చివర పాయ దగ్గర నీళ్ళంచున ఉల్లంకులు ఇరవై దాకా ఉన్నాయి. తాతయ్య కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు. నేను పలకరించలేదు.

తొమ్మిదిన్నరకు ఒక పెద్ద గుంపు ఎదురయింది, పాతికమంది ఉంటారు. మాస్కులు లేవు. దారి మలుపులో కొంచెం వెడల్పుగా ఉన్న చోట మేం పక్కకు జరిగి, మాస్కులు పెట్టుకుని, వాళ్ళు వెళ్ళేదాకా నిలబడ్డాం. గొడవ పెట్టుకోవాలనిపించింది, పిల్లల ముందు ఎందుకని ఊరుకున్నాను. వాళ్ళలో ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

పడవ మా నలుగురికే మాట్లాడుకున్నాం, మామయ్య గారికి పొడి జాకెట్టు దొరికింది. సరంగు గారు పాయ మధ్యలో ఇంజను ఆపి, చేత్తో ఒడ్డు చూపించారు. బురద మీద నీటికుక్క జారిన జాడ, పక్కనే చేప పొలుసులు. జంతువు కనిపించలేదు. ఆయన, మామయ్య గారు అటొకరు ఇటొకరు కూర్చుని పాత కాలువల గురించి చెప్పుకున్నారు, ఇద్దరి మూతికీ మాస్కు. వచ్చేటప్పుడు మా ఇంటి అరటి గెల ఒకటి ఆయనకు ఇచ్చి వచ్చాం. భోజనం యానాం దాటాక గౌతమి గట్టున చెట్టు కింద, ఇంటి నుంచి తెచ్చుకున్న దద్దోజనం.

పల్లె వైద్యురాలు
27 నవంబర్ 2021, ఉదయం 8:30

చదివి కడుపు నిండింది. మీ అందరినీ ఇంకొన్నాళ్ళు గమనించుకోండి. ఎవరికైనా జ్వరం, గొంతు నొప్పి వస్తే అయిదో రోజు వరకు ఆగక వెంటనే పరీక్ష చేయించండి. మామయ్య గారికి ఆక్సిమీటరులో 94 కంటే తగ్గితే ఇంట్లో ఉంచవద్దు.

నిన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త రకం వైరస్‌కు ఒమిక్రాన్ అని పేరు పెట్టింది. దాని గురించి ఇప్పుడే ఎవరూ నిర్ధారణగా చెప్పలేరు. ఇంకా వెళ్ళాలనుకునేవాళ్ళు మాస్కు విషయంలో పట్టు సడలించవద్దు.

గౌతమి గట్టు (అమలాపురం)
1 డిసెంబర్ 2021, రాత్రి 9:00

అందరం బాగున్నాం. వారం గడిచింది. మామయ్య గారు రోజూ ఉదయం గట్టు దాకా నడుస్తున్నారు.

శ్రీను (భీమవరం)
2 డిసెంబర్ 2021, రాత్రి 8:15

మా వాళ్ళలో మూడు కుటుంబాలు ఆటపాక వెళ్ళి వచ్చాయి. మేం ఈ ఆదివారం కాకుండా సోమవారం 6న కోరింగ రావాలనుకుంటున్నాం, అయిదుగురం. కర్ణాటకలో ఒమిక్రాన్ కేసులు రెండు తేలాయని ఇప్పుడే వార్త. అయినా ఈ పద్ధతిలో అయితే రావచ్చు కదా?

సరంగు ఇంటి అబ్బాయి
3 డిసెంబర్ 2021, సాయంత్రం 5:40

రావచ్చు అన్నా, కానీ 6న మాత్రం వద్దు. జవాద్ తుపాను ఉత్తర కోస్తా వైపు వస్తోందని హెచ్చరిక ఉంది. వేటకు వెళ్ళిన పడవలన్నీ ఒడ్డుకు చేరాయి. నాన్న మా పడవను మడల లోపలికి తీసుకువెళ్ళి, మూడు తాళ్ళతో కట్టి వచ్చారు. సముద్రం నెమ్మదించాక ఇక్కడే రాస్తాను, అప్పుడు రోజు చూసుకుందాం.